ఆరో బోల్టు

బండి నాలుగు స్టాండుల మీద గాల్లో నిలబడింది.
ఎనభై ఏడు నాటి షెవీ, తొమ్మిది వందల డాలర్లు.
తొట్టి మూలల్లో ఇంకా ఎవరిదో ఎండుగడ్డి.
రెండో గేరు నుంచి మూడుకి వెళ్లమంటే
బడికి లేవని పిల్లాడిలా మూలుగుతుంది.

వెర్లిన్ శ్రాగ్‌కి డెబ్బై ఎనిమిది.
ముప్ఫై ఏళ్లు హచిన్‌సన్‌లో బడిబస్సులు బాగుచేశాడు.
ఇప్పుడు తుంటిలో ఎముక బదులు ఉక్కు,
నేల మీదికి దిగితే లేవలేడు.
అందుకని బోర్లించిన బకెట్ మీద ఆయన,
అట్టముక్క మీద వెల్లకిలా నేను.
చేతులు నావి, చూపు ఆయనది.
అదీ కళ్లలోంచి వచ్చే చూపు కాదు,
ఎప్పటివో బండ్ల కిందినుంచి వస్తోంది.

"బ్యాటరీ తీగ తీశావా?"
తీశాను.
"నిజంగా?"
రాత్రి డ్యూటీలో కొత్త నర్సుల్ని
నేనూ అచ్చం ఇలాగే అడుగుతాను.

నూనె దించాం.
ఎర్రగా రావలసింది
నిరుటి ఆవకాయ జాడీ అడుగు రంగులో జారింది,
మాడిన పోపు వాసన.
వెర్లిన్ రెండు వేళ్ల మధ్య రుద్ది
ముక్కు దగ్గర పెట్టుకుని
ఏమీ అనలేదు.
ఆ ఏమీ అనకపోవడం నాకు వార్డులో అలవాటే.

డ్రైవ్‌షాఫ్ట్, కూలర్ పైపులు, స్పీడోమీటర్ కేబుల్.
విప్పింది విప్పినట్టు మఫిన్ల పళ్లెంలో
గుంటకొక జట్టు, వరస తప్పకుండా.
కన్వర్టర్‌కి మూడు బోల్టులు.
ఒకటి ఊడాక ఇంజన్ని చేత్తో తిప్పాలి
రెండోది మొహం చూపించేదాకా.
తలుపు లేని షెడ్డు,
కాన్సాస్ గాలి గోధుమపొట్టు తెచ్చి కళ్లలో కొడుతోంది.

ఇంజన్ వెనక కొయ్యదిమ్మ ఆనించి
గేరుబాక్స్ తోక కాస్త దింపాం, పైవి అందేలా.
"బెల్‌హౌసింగ్‌కి ఆరు," అన్నాడు.
అయిదు వచ్చాయి.
ఆరోది నడినెత్తిన, ఇంజనుకీ గోడకీ సందులో,
కన్ను దూరని చోట.
"పైకి. ఇంకా పైకి. ఇప్పుడు నీ ఎడమకి."
లేదు.
"ఉంటుంది. అది ఎక్కడికీ పోదు."
నరం దొరకని చేతుల్ని ఎన్ని చూశాను!
అప్పుడు చేసేదే చేశాను,
కళ్లు మూసుకుని వేలికొసతో విన్నాను.
నలభై నిమిషాలు.
మోచేతి తోలు లేచింది, కాఫీ రెండుసార్లు చల్లారింది,
ధాన్యం రైలు ఒకటి మొత్తం వెళ్లిపోయింది.

వేలు లోపలికి దూరింది.
"వెర్లిన్, ఇక్కడ బోల్టు లేదు. ఉత్త బొక్క."

కిందనుంచి నాకు ఆయన బూట్లే కనిపిస్తాయి.
ఆడుతున్న కుడి బూటు ఆగింది.
"ఎవడో విప్పి మళ్లీ పెట్టలేదు. బద్ధకపు వెధవ."
కాసేపటికి,
"ఎవరి దగ్గర కొన్నావు ఇది?"
యోడర్ అవతల, గడ్డి అమ్మే ఆయన దగ్గర.
"పేరు?"
చెప్పాను.
బూట్లు రెండూ వెనక్కి జరిగాయి.
"తొంభై ఆరు డిసెంబరు," అన్నాడు. "వేళ్లు పనిచెయ్యలేదు."
ఇంకేమీ అనలేదు, నేనూ అడగలేదు.

జాకీ మీద అంగుళం అంగుళం
మూడు బియ్యం బస్తాల బరువు వెనక్కి జరిగింది,
కన్వర్టర్‌తో సహా. "దాన్ని వదిలేస్తే నూనె నీ మొహాన,"
అని గంట నుంచీ చెబుతూనే ఉన్నాడు,
అయినా కొంచెం నా జుట్టులోకి.
దిగాక పైకి చూస్తే
గేరుబాక్స్ ఉన్నచోట పెద్ద ఖాళీ,
అందులోంచి ఒక తీగా, నవంబరు వెలుగూ.

పొద్దున డ్యూటీ దిగి వచ్చేసరికి
షెడ్డులో ఎవరూ లేరు.
మఫిన్ల పళ్లెంలో అయిదు బోల్టుల గుంట పక్కన
నిన్న ఖాళీగా ఉన్న గుంటలో ఒక బోల్టు.
తుడిచి నూనె రాసి ఉంది.
కొత్తది కాదు.