బనీను గుడ్డ

రాయదుర్గంలో గుడ్డంటే మీటర్ల లెక్క.
దీన్ని మాత్రం తక్కెట్లో ఏసి ఇచ్చినాడు అంగడాయన,
ఉల్లిగడ్డల మాదిరి, కేజీంబావు.
తిరుప్పూరు తుండ్లంట. అంతా పత్తేనంట,
నైలాను పోగు ఒక్కటున్నా కాళ్ళు పడిపోతాయని ఒట్టేసినాడు.
మా తాత విల్లు పట్టి దూదేకినోడు,
ఊరూరా పరుపులు కుట్టినోడు.
ఒట్లు నాకాడ చెల్లవు.
పోగు పీకి అగ్గిపుల్ల గీసినా.
కాగితం కాలిన వాసన. బూడిద వేళ్ళ మధ్య నలిగి రాలిపాయ.
అప్పుడిచ్చినా డబ్బులు.

ఈరక్కకు రవిక కుట్టాల.
పొద్దంతా ఆవిరి పెట్టె పట్టుకొని
ప్యాంట్లకు మడత పెట్టే ఈరక్కకు
వీపంతా చెమటకాయలు, రవ్వ చల్లినట్టు.
పాలిస్టరు రవిక అతుక్కొని ఊడి రాదు.
"గోడకు రుద్దుకుంటాంటే
మా ఇంట్లో ఎనుము గుర్తొస్తాదే మాబున్నీ" అంటాది.
నవ్వి, మళ్ళా రుద్దుకుంటాది.

పదకొండేండ్లు జీన్సు కుట్టిన చేయి నాది.
అది అట్ట మాదిరి. నిలబెట్టినచోట నిలబడతాది,
మడిచినచోట మడతపడతాది.
ఇది మాటినదు.
కత్తెర తగిలీ తగలకనే అంచు చాపలెక్క చుట్టుకొనిపాయ.
అడ్డానికి సాగుతాది, నిలువుకు మొండికేస్తాది.
నేసింది కాదుగదా, అల్లింది:
పడుగు లేదు, పేక లేదు,
ఒంటి పోగే తనలో తాను ఉచ్చులేసుకుంటా
ఇంత గుడ్డయింది.
మిషను కింద లాగితే అలిగి అలలు లేస్తాది.
జీన్సు సూది దిగితే
ఎలక కొరికినట్టు బొక్క.

మొదటి రవిక మసిగుడ్డయింది. పోనీ.

రెండో తుండును ముందే తడిపినా,
కుంగేదంతా కుంగిపోనీ అని.
దండెం మీద ఏస్తే బరువుకు జారుతాదని
మిద్దెమీద దుప్పటి పరిచి
బాలింతను పండబెట్టినట్టు పండబెట్టినా.
మొన మొద్దుగుండే సూది తెప్పించినా,
పోగును పొడవకుండా
"రవ్వంత జరుగమ్మా" అని పక్కగా పోయేది.
కుట్టు వంకరటింకర, సాగినా తెగకుండా.
మెడ పట్టీ మెడకన్నా మూడు వేళ్ళు తక్కువ.
కొక్కేల్లేవు, గుండీల్లేవు, లోపల అస్తరు లేదు.
చేతులు గూడా తీసేసినా, ఆమె తిట్టినా సరే అని.

తిట్టింది.
"ఏమీ ఏసుకోనట్టుందే, సిగ్గయితాంది"
అని పైటను నిండా కప్పుకొనింది.
మధ్యాన్నం కరెంటు పోయి ఫ్యాన్లు నిలిచిపాయ.
పైట ఎప్పుడు జారిందో ఆమెకే తెల్దు.

ప్యాంటు ముక్కాలు కేజీ తూగుతాది.
ఇది, అంగడాయన తక్కెట్లో ఏసి చూస్తి,
వంద గ్రాములకు ముల్లు లేవలేదు.

ఇస్త్రీ బల్ల వెనక గోడకు
ఈరక్క వీపు ఎత్తున సున్నం రాలిన మచ్చ.
ఇప్పుటికీ అలవాటుకొద్దీ పోయి ఆనుకుంటాది,
ఏదో మరిచినట్టు ఒక క్షణం నిలబడి
పెట్టెకాడికి వచ్చేస్తాది.

మిగిలిన గుడ్డ ఇంకా అరకేజీ పైన ఉంది.
నా వీపు కొలత ఎవురు తీసుకుంటారో చూడాల.