తొమ్మిదో ఎరుపు

ఇవాలోలో డిసెంబరు.
మధ్యాహ్నం పన్నెండుకి దక్షిణాన ఒక నీలపు గీత వచ్చి
హాజరుపట్టీలో సంతకం పెట్టి వెళ్ళిపోతుంది.
ఇలాంటి ఊళ్ళో వెలుగు సంగతులు నేర్చుకుంటున్నాను నేను.
అప్రెంటిస్‌ని. నిచ్చెన పట్టుకునేవాణ్ణి.
జేబులో తౌనో ఇచ్చిన పదాల పుస్తకం,
మూలలు నలిగి, కాఫీ మరకతో.

వ్యాను వేడెక్కేలోగా పాఠం చెబుతాడు తౌనో.
"ల్యూమెన్ అంటే దీపం ఇచ్చుకున్నది మొత్తం.
లక్స్ అంటే బల్ల పుచ్చుకున్నది.
మధ్యలో మసి పట్టిన డోము మింగింది, గోడ తిన్నది,
పోగా మిగిలిందే చేతికి.
జీతంలాంటిదేలే."
మరి కాండెలా?
"మా అత్తగారు రోజుకి రెండే మాటలంటుంది.
రెండూ నావైపే.
ల్యూమెన్లు తక్కువ, కాండెలాలు ఎక్కువ."

కెల్విన్ దగ్గర తడబడ్డాను.
అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలం తిరుగుతుంది,
నీలం తిరిగినదాన్ని చల్లని వెలుగంటారు.
ఇంకా ఇంకా కాలినదానికి
చల్లనిదని పేరేమిటి?
"పేరు పెట్టినవాడు
వేలు పెట్టి చూడలేదు" అన్నాడు, గేరు మారుస్తూ.

వృద్ధుల వసతిగృహం, భోజనాల గది.
ఫిర్యాదు దీపాల మీద కాదు, బీట్‌రూట్ సూప్ మీద.
పదకొండు మంది ముట్టడం లేదట.
వంటామె ఐలి అలిగి కూర్చుంది.
మీటరు తీశాను. ఐదు వందల పది లక్స్.
నాలుగు వేల కెల్విన్. రంగుల సూచిక ఎనభై.
మిరుమిట్లు లేవు, కంటికి గుచ్చే మొన లేదు.
పుస్తకం ప్రకారం పాసైన గది.

హిల్మా నిస్కలా, ఎనభై ఎనిమిదేళ్ళది,
ఒళ్ళోంచి ఊలు ఉండ తీసి నా ముందు పెట్టింది.
"ఇదేం రంగు, బాబూ?"
గోధుమ, అన్నాను.
మారుమాటాడకుండా
దాన్ని బల్లమీది కొవ్వొత్తి దగ్గరికి జరిపింది.
ఉండ ఎర్రబడింది,
తిట్టు తిన్న చెంపలా.
నాదీ.

దారిలో తౌనో చాలాసేపు మాట్లాడలేదు.
మంచు హెడ్‌లైట్లలోకి వచ్చి పడుతోంది.
చివరికి అన్నాడు:
"ఎనిమిది లేత రంగులకి పరీక్ష పెట్టి
సగటు తీసి మార్కులేస్తారు.
చిక్కటి ఎరుపుది తొమ్మిదో నంబరు.
అది సగటులోకి రాదు."
పుస్తకంలో వెతికాను. ఉంది.
అడుగున, చీమతలంత అక్షరాల్లో.
బీట్‌రూటు తొమ్మిదో నంబరు.
లింగన్‌బెర్రీ తొమ్మిదో నంబరు.
చలిలోంచి లోపలికొచ్చిన మనిషి చెవులు,
పెదవులు, తెగిన వేలు,
అన్నీ లెక్కకి అవతలే ఉండిపోయాయి
మనం నూటికి ఎనభై వేసుకున్నప్పుడు.

ఈ ఏటికి డబ్బు ఒక్క దీపానికే ఉంది.
నడిమి బల్లమీద దించాం,
పొద్దువాలుతున్న తేనె రంగుది,
తొమ్మిదో ఎరుపుకి తొంభై రెండు తెచ్చుకున్నది.
మీటరు రెండు వందల తొంభై అంది.
పాతదానికన్నా తక్కువ. మీటరు తప్పేం లేదు.

ఆరుగురి బల్ల చుట్టూ
పదకొండు కుర్చీలు ఈడ్చుకొచ్చారు.
మోచేతులు తగులుతున్నా
ఎవరూ లేవరు.
ఎదుటి మనిషిని తేరిపార చూసి
"ఆర్వో, నీ మొహంలో ఇంకా రక్తముందే!" అంది హిల్మా.
తొంభై ఒకటేళ్ళ ఆర్వో
చెంచా పైకెత్తి
దాంట్లో తన మొహం వెతుక్కున్నాడు.

తనిఖీ కాగితం మీద లక్స్ గడిలో నిజమే రాశాను.
ప్రమాణం కన్నా తక్కువ, అని కూడా.
రిమార్కుల గడి అగ్గిపెట్టెంత.
"సూప్ అయిపోయింది" అని రాశాను.
తౌనో కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చదివాడు.
పెన్ను లాక్కున్నాడు.
కొట్టేస్తాడనుకున్నాను.
అక్షరదోషం ఒకటి దిద్ది
వ్యాను తాళాలు వెతుక్కుంటూ వెళ్ళాడు.