సముద్రం ఒడ్డున గీసిన గీత

ఎల్ ఆల్టోలో పొద్దున ఆరింటికి
గాజుగొట్టాలు కూడా ముడుచుకుని పడుకుంటాయి.
గుప్పిట్లోకి తీసుకుని కాస్త ఊపిరి ఊదుతాను,
అప్పుడే పని మొదలు.

సెవెరీనో టికోనా, మినీబస్సు డ్రైవరు, యాభైరెండేళ్లు.
కాగితం నాలుగు మడతలు పెట్టి తెచ్చాడు
పోలీసు చలానా తెచ్చినట్టు.
హెమటోక్రిట్ అరవైఒకటి.
పక్కన మెషీను కొట్టిన ఎర్ర నక్షత్రం.
"పోతానా, చెల్లెమ్మా?"

కనుబొమల వెనక ఎక్కడో శనగగింజంత గడ్డ,
రెండేళ్ల కిందట తీసేశారు.
దాంతోపాటే గడ్డం పోయింది,
పొద్దున లేవాలన్న బుద్ధి పోయింది.
అందుకని మూడు వారాలకోసారి టెస్టోస్టిరాన్ సూది.
గడ్డం తిరిగొచ్చింది. గొంతుకి బరువొచ్చింది.
పెళ్లాంతో పోట్లాడే ఓపికొచ్చింది.
నెత్తురు మాత్రం
విత్తని గట్ల మీద కూడా పండింది.

కాగితంలో "మామూలు" అని ఒక గీత.
సముద్రం ఒడ్డున, గాలి బస్తాలకొద్దీ దొరికే ఊళ్లో
ఎవరో గీసిన గీత అది.
ఇక్కడ గాలిని సోలతో కొలిచి పోస్తారు.
మోసేవాళ్లని నలుగురిని ఎక్కువే పెట్టుకుంటుంది
ఈ కొండమీది ఒళ్లు.

అలాగని
"మన నెత్తురు చిక్కన, మనకేం కాదు" అంటే ఒప్పుకోను.
మా నాన్న ఆ మాటే అంటూ
ఊదారంగు పెదవులతో గని మెట్లెక్కేవాడు.
ఒకరోజు మధ్యలో కూర్చున్నాడు,
లేవలేదు.

అందుకే ఔననలేదు, కాదనలేదు.
సూది ఎప్పుడు పడింది? అయిదు రోజులైంది.
రాత్రి నీళ్లు తాగావా?
"స్టీరింగు పట్టుకున్నోడు నీళ్లు తాగితే
బండి ఎక్కడ ఆపాలి?"
గురక పెడతావా?
దానికి గుమ్మంలోంచి ఎమెటేరియా బదులిచ్చింది:
"ఇంజనే నయం.
మధ్యమధ్య ఊపిరి ఆగిపోతుంది కూడా,
మోచేత్తో పొడిచి మళ్లీ స్టార్టు చేస్తాను."
ఆ మాట రాసుకున్నాను.
మెషీను కాగితంలో దానికి గడి లేదు.

ఇంకోటి కూడా చెప్పించింది ఆమే.
ఎవరో స్నేహితుడి మాట విని
సందు చివర క్లినిక్కులో మూడుసార్లు నెత్తురు తీయించుకున్నాడట.
ఇప్పుడు వడగళ్లు పడితే చాలు,
రేకు మీంచి ఏరుకొచ్చి కరకర నములుతున్నాడట.
అప్పుడు కిందివరస చూశాను.
కణాలు లెక్కకు బోలెడు, ఒక్కోటీ పిట్టంత.
ఇనుము కొట్టు అడుగంటింది.
సంచులెక్కువ, సరుకు తక్కువ.
చిక్కగానూ ఉన్నాడు, ఖాళీగానూ ఉన్నాడు మనిషి.

రెండు రోజులు బాగా నీళ్లు తాగి రమ్మన్నాను.
వచ్చాడు. సన్నగొట్టంలో నింపి, అడుగున మట్టి అద్ది,
నేనే తిప్పాను.
పైన లేతపసుపు తేట,
నడుమ గోటిగీతంత తెలుపు,
కింద ఎరుపు. యాభైఎనిమిది.

తరవాత పాత రిజిస్టరు దించాను, దుమ్ము దులిపి.
ఆరేళ్ల కిందట లైసెన్సు పరీక్షకి వచ్చినప్పటి టికోనా,
గడ్డా లేదు సూదీ లేదు: యాభైమూడు.
"నీ ఇల్లు ఇక్కడుంది" అని వేలు పెట్టి చూపించాను.
"అక్కడినుంచి అయిదు మెట్లెక్కావు.
సముద్రం నుంచి కొలవకు, ఊరికే కళ్లు తిరుగుతాయి.
అయిదు మెట్లూ మెట్లే. అశ్రద్ధ చేయకు."

డాక్టరమ్మకి చీటీ రాశాను.
సూది తేదీ, నీళ్ల సంగతి, గురక, మోచేయి,
మూడు సీసాల నెత్తురు, వడగళ్లు.
గడిలో పట్టక అంచు చుట్టూ తిప్పి రాశాను.
సూది ఆపడమా, చిన్నచిన్న మోతాదుల్లో వారంవారం వేయడమా,
ఆవిడ చూసుకుంటుంది.

బయట అతని కుర్రాడు "సేహా! సేహా!" అని అరుస్తున్నాడు.
సగం నిండిన బండి, సహనం పోయిన జనం.
సెవెరీనో గుమ్మం దాటి మళ్లీ తొంగిచూశాడు.
"వడగళ్లు మానేయాలా, చెల్లెమ్మా?"

అక్కర్లేదన్నాను,
కొట్టు నిండితే
అవే నిన్ను మానేస్తాయి.