చాటింపు వినపడని చోట

తానపల్లి క్రాసు దాటినాక
ఇంకా మూడు కిలోమీటర్లు.
ఆటోవాళ్ళకి "ఇటుకల బట్టీ కాడ" అని చెప్పాలి.
బట్టీ లేదు, తీసేసి నాలుగేళ్ళయింది.
అయినా అందరూ అక్కడే దిగుతారు.

మాది నూట నలభై మూడు.
నూట నలభై రెండు లేదు, నూట నలభై నాలుగు లేదు.
అంటే, రాళ్ళున్నాయి, పసుపు పెయింటు కొట్టినవి.
వాటి మీద తొండలు కూచుని తలలూపుతుంటాయి
రిజిస్ట్రేషను తమ పేరునే అయినట్టు.

బండ్ల వీధిలో పదహారేళ్ళు
పదడుగుల గదిలో మిషను తొక్కాను.
గోడకవతల ఎవరు తుమ్మినా
ఇవతల నేను "చిరంజీవ" అనేదాన్ని.
ఇక్కడ మొదటి రాత్రి
నా తుమ్మే గదులన్నీ తిరిగి
ఎవరూ లేరని నా దగ్గరికే వచ్చింది.

ఆయన బస్టాండు దగ్గర దోసె మాస్టరు.
పదకొండున్నరకి పెనం కడిగితే
పన్నెండూ ముప్పావుకి బండి చప్పుడు.
చొక్కా నిండా నెయ్యి వాసన,
చెప్పుల నిండా మట్టిరోడ్డు.
"ఇల్లు మనదే కదమ్మే" అంటాడు,
నేనేమీ అడక్కముందే.

నీళ్ళ ట్యాంకరు మంగళవారం, శుక్రవారం.
వస్తే మునిరత్నం మూడుసార్లు హారను కొడతాడు.
రాకపోతే ఫోనెత్తడు.
బస్సు గంటకొకటని బోర్డు మీద ఉంది,
ఎవరి గంటో రాయలేదు.
నేనూ గడియారం చూడ్డం మానేశాను.
రేణిగుంటలో దిగే పొద్దుటి విమానం
డాబా మీదుగా పొట్ట చూపిస్తూ పోతే
వనితకి జడెయ్యాలి.
సాయంత్రం విమానానికి ఎసరు పెట్టాలి.
అందులో ఎవరొస్తారో, ఏం మొక్కుకున్నారో,
మా అన్నం మాత్రం వాళ్ళ మీద ఉడుకుతుంది.

మూడో రోడ్డులో ఇంకో దీపం ఉంది.
రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి దిగిపోయిన గంగులప్ప.
రాత్రి తొమ్మిదికి ఆయన విజిలు ఊదుతాడు.
నేను గరిటెతో పళ్ళెం కొడతాను.
అంతే, మా ఇరుగుపొరుగు.

ఒకటి మాత్రం చెప్పాలి.
ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నాకు కొండ కనపడలేదు.
లాడ్జీలు, లాడ్జీల బోర్డులు,
పిట్టగోడల మీద యాత్రికుల తడి పంచెలు.
ఇక్కడ ఉతికిన దుప్పటి దండెం మీంచి తీస్తే
వెనకాల కొండ మొత్తం ఆరేసుంటుంది.
రాత్రయితే ఘాట్‌రోడ్డు దీపాలు,
ఎవరో సగం కుట్టి వదిలేసిన జరీ అంచు.
మిగతా సగం నాకివ్వకూడదా అనిపిస్తుంది.

మే నెలొచ్చింది, గంగజాతర.
చాటింపేశాక ఊరోళ్ళు
పొలిమేర దాటి బయట నిద్ర చెయ్యకూడదు.
పదహారేళ్ళలో ఒక్క రాత్రి చెయ్యలేదు.
మా అన్న కూతురి పెళ్ళికి పీలేరు పోయి
తాంబూలమైనా అందుకోకుండా
చివరి బస్సుకి తిరిగొచ్చినదాన్ని.

ఈ ఏడు డప్పు వినపడలేదు.
జాకెట్ల కోసం అంగడికొచ్చిన సుబ్బరత్నమ్మ
"రాత్రే అయిపోయింది కదా చాటింపు" అంది.
"అయితే మేం లోపలా, బయటా?"
ఆమె హుక్కులు లెక్కపెట్టుకుంటూనే
"మీ కరెంటు బిల్లు మీద ఏముండాది?" అంది.
తిరుపతి రూరల్ అనుంది.

ఆ రాత్రి గంగులప్ప విజిలుకి
పళ్ళెం కొట్టడం మర్చిపోయాను.
టార్చి వేసుకుని వచ్చేశాడు పాపం, పామనుకుని.
అడిగితే తల గోక్కున్నాడు.
"పొలిమేర రాయి నేనెరగను తల్లీ.
ఈ పక్క ఉండేదంతా ప్లాటు రాళ్ళే."

తెల్లారి కుంకుమభరిణె తీసుకెళ్ళాను.
పసుపు ముందే ఉంది, కంపెనీవాళ్ళదే.
నూట నలభై రెండుకొక బొట్టు,
నూట నలభై నాలుగుకొక బొట్టు,
రెండు వేపమండలు, గిన్నెడు అంబలి.
"ఇంతవరకూ నువ్వే చూసుకో గంగమ్మా" అన్నాను,
చెయ్యి ఎంతవరకూ చాపాలో తెలీక
కొంచెం ఎక్కువే చాపి.

మంగళవారం ట్యాంకరొచ్చింది.
మునిరత్నం పైపు లాగబోయి, రాయిని చూసి,
చెప్పులు విడిచి, చుట్టూ తిరిగి
అవతల నుంచి లాగాడు.
నేనేమీ చెప్పలేదు.

తొండ నూట నలభై అయిదుకి మారింది.