నవంబరు నీలం

కరపత్రంలో సరస్సు నీలంగా ఉంది.
మేం దిగిన జూన్ నెలలో మాత్రం
బియ్యం కడిగిన నీళ్ల రంగు.
మౌంట్ గాంబియర్ బస్టాపులో
మూడు సూట్‌కేసుల మధ్య నిలబడి
శ్రీపతి అన్నాడు:
"ఫొటో వేరే ఊరిదేమో."

నా వయసుకి ముప్పై,
ఇంగ్లీషుకి ఇరవై,
పెద్ద నగరం జోలికి పోనన్నందుకు పదిహేను.
ఎన్ని రాత్రులు కూడుకున్నానో
కిరాణా చీటీలా, పైనుంచి కిందకీ
కిందనుంచి పైకీ.
అతని సివిల్ ఇంజనీరింగు
ఆ కూడికలోకి రాలేదు.
నా పేరు కింద పేరుగా వచ్చాడు.

పదకొండు నెలలుగా
ఇక్కడి ఆసుపత్రిలో స్కానింగు గదికి తాళం.
కడుపుతో ఉన్నవాళ్లు అడిలైడ్ దాకా పోయి
చీకటి పడ్డాక తిరిగొచ్చేవాళ్లట,
దారిలో కంగారూలకి భయపడుతూ.

కౌన్సిల్ తరఫున గ్లెనిస్ వచ్చింది.
ఓ చెక్క పళ్లెం చేతిలో పెట్టి
'జీవన నాణ్యత' అని ఆరుసార్లు అంది.
మా మేనత్త ఆ మాట బియ్యానికి వాడేది,
ఒక గింజ పంటికింద వేసుకుని.

నేనూ కొరికి చూశాను.
ఇంటినుంచి డ్యూటీకి ఏడు నిమిషాలు.
ఇల్లంటే, మోటెల్లో పద్నాలుగో నంబరు గది.
రమ్మని పిలిచిన ఊళ్లో
అద్దెకి ఇల్లు దొరకడానికి తొమ్మిది వారాలు పట్టింది.
ఆ ఇంట్లో పెట్టిన కరివేపాకు మొక్క
ఆగస్టు మంచుకి నల్లబడింది.

శ్రీపతి కలప మిల్లులో ఫోర్క్‌లిఫ్టు నడుపుతాడు.
నాలుగింటికల్లా ఇంట్లో.
అంత సాయంత్రాన్ని ఏం చేసుకోవాలో
మొదట్లో ఇద్దరికీ తెలియలేదు.
అప్పులవాడొచ్చి ఎదురుగా కూర్చున్నట్టు
ఒద్దికగా కూర్చునేవాళ్లం, ఆ వెలుతురు ముందు.
ఇప్పుడతను మిల్లు రశీదుల వెనక
వంతెనలు గీస్తాడు.
ఎక్కడ కట్టడానికని నేనడగను.

పొట్ట మీద జెల్లు రాస్తే ఫురాహా నవ్వింది, చల్లగా ఉందని.
నీకెన్ని పాయింట్లు వచ్చాయని
నోటిదాకా వచ్చింది.
అంతలో తనే చెప్పింది:
శిబిరంలో తొమ్మిదేళ్లు.
నా కూడిక నా దగ్గరే ఉండిపోయింది.
తెర మీద గుండె,
నిమిషానికి నూట నలభై ఎనిమిది.
బిడ్డ మా ఇద్దరికీ వీపు తిప్పి పడుకుంది,
ఊరు తనదే అన్నట్టు.

నవంబరులో ఓ మంగళవారం
సరస్సు రంగు తిరిగిందట.
ఆ రోజు నాకు తొమ్మిది స్కాన్లు.
మధ్యలో ఫోను వెలిగింది.
శ్రీపతి పంపిన ఫొటో,
కళ్లు గుచ్చుకునే నీలం.
కింద ఒక్క మాట:

"ఈ ఊరిదే."