ఉప్పుపాతర

ఉదయం ఆరున్నరకి
ఇత్తడి బిళ్ల ఒకటి బోర్డుకి తగిలించి
దాని జత నడుముకి కట్టుకున్నాను. నూట పద్నాలుగు.
సాయంత్రం బోర్డు మీద బిళ్ల ఒంటరిగా మిగిలితే
నా కోసం వెతుకుతారన్న మాట.
అంతకన్నా ఎక్కువ భరోసా ఏ ఉద్యోగమూ ఇవ్వదు.

లిఫ్టు దిగుతుంది, దిగుతూనే ఉంటుంది,
రెండు వేల నూట యాభై అడుగులు.
చెవులు దిబ్బళ్లు పడతాయి.
పక్కన వెర్లీన్ బాకా, రాష్ట్ర పర్యావరణ శాఖ,
నాకన్నా పదకొండేళ్లు సీనియరు,
చూయింగ్ గమ్ తుంచి సగం ఇస్తుంది.
మాట్లాడదు. ఇక్కడ మాట్లాడితే అది రికార్డు.

కింద సముద్రం.
ఇరవై ఐదు కోట్ల ఏళ్ల కిందట ఎండిపోయి
ఎవరి కంచంలోనూ పడకుండా మిగిలిన ఉప్పు.
టోపీ దీపం పడ్డచోట గోడ నారింజ రంగులో మెరుస్తుంది.
గోడలు జరుగుతాయి,
ఏడాదికి నాలుగు వేళ్ల మందం.
అదే ఇక్కడి నమ్మకం:
ఉప్పు నిదానంగా దగ్గరికొచ్చి
పీపాలన్నిటినీ తనలో పూడ్చేసుకుంటుందని.
"ఉప్పుపాతరేస్తా" అని మా వీధిలో ఎవరన్నా అరిస్తే
అది ఉత్త బెదిరింపు.
కార్ల్స్‌బాడ్‌లో అది ప్రభుత్వ విధానం, సంతకాలతో సహా.

పీపాల్లో ఏముందంటారా,
చేతి తొడుగులు, గుడ్డ పేలికలు, ఒక పానా,
ఎవరిదో కోటు. జేబులో ఏం మరిచిపోయాడో
ఇక ఎవరూ చెయ్యి పెట్టి చూడరు.
మా ఇళ్లలో మైల పదకొండు రోజులు.
ఈ మైల
ఇరవై నాలుగు వేల ఏళ్లకి సగం తీరుతుంది.

మా తాత జొన్నల పాతర తెరిచాక
లాంతరుకి తాడు కట్టి దించేవాడు.
ఆరిపోతే ఎవరూ దిగకూడదు.
వెలుగుతున్నా కాసేపు ఆగేవాడు.
"దీపం అబద్ధమాడదు, మనమే తొందరపడతాం."
ఇక్కడ ఆ లాంతరుని నేనే.
తాడు కొస ఎవరి చేతిలో ఉందో
ఈ మధ్య సరిగ్గా తెలియడం లేదు.

ఏడో గది, మూడో వరుస.
పీపా మీద నంబరు చివర ఎనిమిది.
కాగితం మీద మూడు.
"గీత పడి మూడు ఎనిమిదిలా అయ్యుంటుంది"
అన్నాడు షిఫ్టు మేనేజరు క్లింట్ హోగ్లండ్.
అయ్యుండొచ్చు అన్నాను. రాశాను. ఆపమన్నాను.
పైన గేటు దగ్గర లారీలు నిలిచిపోయాయి.
ఐడహో నుంచి వచ్చిన డ్రైవరు ఒకామె
స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోయిందట.
నాలుగు గంటలు.
క్లింట్ నా వంక చూడడం మానేశాడు.
వెర్లీన్ గమ్ మిగతా సగం కూడా ఇచ్చింది.

చివరికి అది మూడే.
ఫోర్క్‌లిఫ్టు గీరిన గీత.
నివేదికలో ఒకే ఒక్క ముక్క: "పరిశీలించాం, సరిపోయింది."
సరిపోయింది అని రాయడానికి పట్టినంత సేపు
తప్పని రాయడానికి నాకెప్పుడూ పట్టలేదు.

పైన ఎడారిలో ఎప్పుడో రాళ్లు పాతుతారట,
ఇక్కడ తవ్వొద్దని కొన్ని భాషల్లో చెక్కి.
తెలుగు లేదు, కనుక్కున్నాను.
ఉన్నా ఏం లాభం,
మన తొలి శాసనానికి ఇంకా పదిహేను వందల ఏళ్లు నిండలేదు,
దాన్నే కూడబలుక్కుని చదువుతున్నాం.
రాళ్లు ఆగాల్సింది పది వేల ఏళ్లు.
అప్పటివాళ్లు "తవ్వొద్దు"లో
"తవ్వు" ఒక్కటే చదివితే?

బిళ్లకి జత కలిపాను.
యంత్రంలో చేతులు పెడితే పచ్చదీపం వెలిగింది.
అయినా కాసేపు ఆగాను.

రాత్రి కెనాల్ స్ట్రీట్ హోటల్లో
వెర్లీన్ ఆలుగడ్డ వేపుడు మీద
చూడకుండానే ఉప్పు చల్లుకుంది.
మా వైపు ఒక మాట ఉంది అన్నాను,
ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదని.
ఆమె నమలడం ఆపింది.
"తిన్నవాడేనా?"

సర్వరు కుర్రాడు జగ్గు పట్టుకొచ్చి
రెండు గ్లాసులూ నిండా పోసి వెళ్లాడు.