ముప్పై ఏడో పేజీ

ఓపీ గేటుకి ఎదురుగా నా జిరాక్సు కొట్టు.
ఆధార్లు, ఆరోగ్యశ్రీ కార్డులు, డిశ్చార్జి కాయితాలు.
విశాఖ పెద్దాసుపత్రి మెట్టెక్కే ప్రతి రోగమూ
ముందు నా గాజుపలక మీద బోర్లా పడుకుంటుంది.

ఆ పొద్దు పాంగి దొంబు వచ్చాడు,
డుంబ్రిగూడ అవతలి కొండ మనిషి.
రగ్గులో చుట్టిన నలభై ఒక్క పేజీలు,
అన్నీ ఇంగ్లీషు.
"మిషను లేదని తిప్పి పంపకూడదని
హైకోర్టు చెప్పిందట బాబూ. ఎక్కడుందో సూడు."

నేను ఇంటరు తప్పినవాణ్ణి.
అయినా వేలు పెట్టి వెతికాను.
మొదటి పేజీలో పిటిషనర్ పేరు,
దాని కింద సన్నక్షరాల్లో:
చనిపోయినందున, ఆయన తరఫున కూతురు.
ముప్పై ఏడో పేజీలో దొరికింది:
ఆరోగ్యం జీవించే హక్కులో భాగం,
డబ్బు లేదనడం ప్రభుత్వానికి జవాబు కాదు.

తెలుగులో చెప్పాను.
దొంబు ఇంకోసారి చెప్పమన్నాడు.
"అదొక్కటే నాలుగు తియ్యి.
సూపర్నెంటుకొకటి, డూటీ డాక్టరుకొకటి,
నర్సమ్మకొకటి,
మా రాస్మో తలగడ కిందికొకటి."

వానలు వెళ్ళాక లారీ దిగింది
నాలుగో డయాలసిస్ మిషను.
వార్డుబాయిలు దానికి కోర్టుపక్షి అని పేరెట్టారు.
మూడు వారాలు కవరు విప్పలేదు,
నడిపే మనిషి లేడు.
మళ్ళీ ఒక వాయిదా, మళ్ళీ ఒక కౌంటరు.
అధికారి స్వయంగా బోనెక్కాలన్న మాట
బీచిరోడ్డు ఉప్పుగాలిలా కొండెక్కి వచ్చి
అందరి గొంతులూ ఎండగట్టింది.
తెల్లారేసరికి మనిషి దొరికాడు.

ఎక్కడ దొరికాడో సిస్టర్ బుల్లెమ్మ చెప్పింది,
టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని:
"పిల్లల వార్డులో మిషన్లు సూసేవోడు. లాగేరు నాయనా.
ఆ గుంటలకి పిటిషనెయ్యడం రాదు కదా,
ఏడవడవే వచ్చు."

రాస్మో వారానికి రెండుసార్లు బస్సు దిగుతోంది.
మొహం వాపు తీసింది.
నవ్వితే చుట్ట కాల్చిన పళ్ళు.
ఆమెను చూసి సంతోషించకుండా ఉండటం
నాకు చేతకాదు.
పిల్లల వార్డు కిటికీ కూడా
నా స్టూలు మీంచే కనిపిస్తుంది.

నిన్న ఒకామె వచ్చింది,
చంకలో ఏడాది బిడ్డ, చేతిలో నలిగిన చీటీ.
"అన్నా, ఏదో పేజీ ఉందట కదా?"

సొరుగులో కాపీకి కాపీయే మిగిలింది,
'జీవించే' దగ్గర సిరా పలచబడి.
డార్కు నొక్కి తీశాను.
రెండు రూపాయలు తీసుకున్నాను.
నాదీ అద్దె కొట్టే.